బాయిలో దొరికిన మాటలు

కాజీపేట నుంచి బల్లార్షా వైపు పోయే రైలు రామగుండం దాటి, గోదావరి వంతెన మీద దడదడలాడుతూ నడిచి, మంచిర్యాల చేరుతుంది. అక్కడ దిగి రామకృష్ణాపూర్ పోవాలి. రైలులోనే కూర్చుంటే తరువాతి స్టేషను రవీంద్రఖని. ఆ పైది మందమర్రి. అక్కడి గనులకు కల్యాణిఖని అని పేరు. ఏటి కివతల ఒడ్డున గోదావరిఖని వుండనే వున్నది. ఎటు చూచినా "ఖని" అన్న తోక తగిలించుకున్న పేర్లే. తవ్వడమనే అర్థం గల సంస్కృత ధాతువునుంచి పుట్టిన మాట అది. మన "గని" కూడా దాని బిడ్డే.

ఇంత అందమైన పేర్లు పెట్టారు గదా, ఈ ఊళ్ళలో మనుషులు ఆ మాట వాడతారు కాబోలునని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కాని ఖనులన్నీ బోర్డుల మీదా, కాగితాల మీదానే. జనం నోట మాత్రం అవన్నీ "బాయి"లే.

నేను మేనల్లుడి క్వార్టరు చేరేసరికి తలుపుకు తాళం వేసివున్నది. పక్కింటి అరుగు మీద కూర్చున్న పెద్దాయన నన్ను చూచి, "మీవోడు బాయికి పోయిండు సారూ. పొద్దుగూకే యాళ్ళకొస్తడు. గీడ కూసోండ్రి" అన్నాడు.

మాది కృష్ణా జిల్లా. మాకు బాయి అన్నా బావి అన్నా నీళ్ళు తోడుకునేదే. కంపెనీ క్వార్టర్లలో కుళాయిలు లేవా ఏమిటి, వీడు పొద్దున్నే బావికి పోయి సాయంత్రం దాకా అక్కడ ఏం చేస్తాడని నేను తెల్లబోయాను. సంగతి తెలిశాక పెద్దాయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. మా స్నేహం అలా మొదలైంది.

ఆయన ముప్పై ఏళ్ళు భూగర్భంలో టింబరు పని చేశాడు. అంటే లోపల కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని. ఆ పనిలో ఏమరుపాటు కుదరదు. తన ప్రాణమూ, తన వెనుక వచ్చేవాళ్ళ ప్రాణమూ ఆ కర్రల మీద వుంటాయి. ఇప్పుడు రిటైరై మనమణ్ణి ఆడిస్తున్నాడు.

ఆ సాయంత్రం మనమడు బడినుంచి మొహం వేలాడవేసుకుని వచ్చాడు. అయిదో తరగతి కుర్రాడు. "మా ఊరు" అన్న విషయం మీద వ్యాసం రాయమన్నారట. వీడు రాసిన ఒక వాక్యంలో ఎర్రసిరాతో గీత పడ్డది. "మా తాత ముప్పై ఏండ్లు బాయిలో పని చేసిండు" అని వీడు రాస్తే, "బాయి" కొట్టివేసి పైన "గని" అని దిద్దారు. పుస్తకం నా చేతికిచ్చి, "బాయి తప్పా సారూ?" అని అడిగాడు.

నేను పెద్దమనిషి తరహాగా, "దిద్దినవారి తప్పేం లేదు నాయనా. బాయి అంటే బావి. బావి అంటే నీళ్ళది. బొగ్గు దొరికేది గని. వ్యాసంలో గని అనే రాయాలి" అని చెప్పాను.

పెద్దాయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లిగా, "గట్లయితే ముప్పై ఏండ్లు నేను దిగింది ఏంది సారూ?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేకపోయింది. మాట తప్పని చెప్పినందుకు కాదు. ఒక మనిషి జీవితమంతా పిలిచిన పేరును నేను ఒక్క క్షణంలో కొట్టివేశానే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు భాషల పుట్టుపూర్వోత్తరాలంటే పాత సరదా. ఏ మాట ఎక్కడినుంచి వచ్చిందో వెదకడంలో సగం జీవితం గడిపినవాణ్ణి. అటువంటి నేనే వెదకకుండా తీర్పు చెప్పానన్నమాట.

మర్నాడు ఉదయం పెద్దాయనతో కలిసి షికారు బయలుదేరాను. దారిలో బొగ్గు లారీలు వరుసగా పోతున్నవి. ఎదురైన ప్రతివాడూ ఆయనను పలకరిస్తున్నాడు. వాళ్ళ మాటల్లో మస్టర్, షిఫ్టు, సీమ్, టబ్బు, డిప్పు, షాఫ్టు, సర్దార్ అన్న మాటలు ధారాళంగా దొర్లుతున్నవి. అన్నీ చిన్న మాటలు. వినడానికి తెలుగు మాటల్లాగానే వున్నవి.

ఈ మాటలు ఎలా వచ్చాయో ఊహించడం కష్టం కాదు. 1870ల తొలినాళ్ళలో ఇల్లెందు దగ్గర బొగ్గు వున్నట్లు భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వుకునే హక్కు సంపాదించింది. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరులో అదే సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. ఇంగ్లండు గనుల్లో వాడే మాటలు దొరలతో వచ్చి, తెలుగువాడి నోట పడి, మన "ఉ"కారం తగిలించుకుని ఇక్కడ స్థిరపడ్డాయి.

కొంతదూరం నడిచాక పెద్దాయన ఆగి, "సారూ, నాకొకటి తోస్తది. బొగ్గును ఇంగ్లీషుల కోల్ అంటరు. మనం కాలుడు, కాల్చుడు అంటం. కాలేది గనకనే కోల్ అయింది. దొరలు మనకాడనే నేర్సుకున్నరు" అన్నాడు.

నేను నవ్వలేదు. అది తెలివితక్కువ ఊహ కాదు. రూపం కలిసింది, అర్థమూ కలిసింది. చదువుకున్నవాళ్ళు కూడా ఇంతకంటె తక్కువ ఆధారంతో పుస్తకాలు రాశారు. కాని పోలిక చూడగానే చుట్టరికం కలుపుకోకూడదు. పెళ్ళిసంబంధం చూచేటప్పుడు మనం ఏం చేస్తాం? కుర్రవాడి ముక్కు మన వాళ్ళ ముక్కులా వున్నదని ఊరుకుంటామా? తాత ఎవరు, ముత్తాత ఎవరు, ఏ ఊరునుంచి వచ్చారని వెనక్కి వెళ్ళి విచారిస్తాం. మాటల విషయంలోనూ అంతే.

ఇంగ్లీషు "కోల్" చుట్టాలు ఎవరు? జర్మను భాషలో బొగ్గు "కోలె". డచ్చిలోనూ, స్వీడిషులోనూ "కోల్" వంటి మాటే. కాని ఐరిష్ భాషలో ఇదే కుటుంబపు మాట "గూఅల్". మొదటి అక్షరం "గ". ఇక్కడే వున్నది కీలకం. ఇంగ్లీషు, జర్మను, డచ్చి భాషలకు మూలమైన భాషలో, చాలా పూర్వం, పాత "గ" అంతా "క"గా మారిపోయింది. 1818లో డెన్మార్కు పండితుడు రాస్కు, 1822లో జర్మనీ పండితుడు గ్రిమ్ము ఇటువంటి మార్పులను ఒక పద్ధతిలో పెట్టి చూపించారు. అందుకే సంస్కృతంలో "గో" అయినది ఇంగ్లీషులో "కౌ". "గమ్" అన్న ధాతువు "కమ్". బండికి కట్టే కాడికి సంస్కృతంలో "యుగము" అని పేరు. ఇంగ్లీషులో అది "యోక్". చూడగానే పోలిక తెలియదు. కాని లెక్క తప్పదు. అక్కడ "గ" వున్నచోటల్లా ఇక్కడ "క".

ఈ లెక్క ప్రకారం "కోల్" అన్న మాట తాతముత్తాతల కాలంలో "గ"తో మొదలయ్యేదే. మన "కాలు" సంగతి వేరు. ద్రావిడ భాషల మూలరూపంలో మాట మొదట "గ, ద, బ" వంటి ధ్వనులు వుండేవి కావని పండితుల నిర్ణయం. అంటే ఈ రెండు మాటలూ ఇప్పుడు పక్కపక్కన నిలబడితే కవలల్లా వున్నవి గాని, వెనక్కి పోయేకొద్దీ విడిపోతున్నవి. "గో", "కౌ" అన్నవి ఇప్పుడు అపరిచితుల్లా వున్నవి గాని, వెనక్కి పోయేకొద్దీ దగ్గరవుతున్నవి. నిజమైన బంధువులకూ, ఒక్కలా కనిపించే పరాయివాళ్ళకూ అదే తేడా.

ఇదంతా ఎక్కడో యూరపు సంగతి అనుకోకండి. మన ఇంట్లోనే వున్నది. మనం పాలు అంటే కన్నడిగులు హాలు అంటారు. మన పులి వారికి హులి. మన పువ్వు వారికి హూవు. మన పేరు వారికి హెసరు. ఒక్క మాటలో "ప"కు "హ" వస్తే అది కాకతాళీయం. వరుసగా వస్తే అది చుట్టరికం. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబమనీ, అది సంస్కృతంకంటె వేరనీ 1816లో మద్రాసులో కలెక్టరుగా వున్న ఎల్లిస్ దొర చూపించాడు. కాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి పీఠికగా ఆ మాట అచ్చయింది. అంతకు ముప్పై ఏళ్ళ ముందు, 1786లో, సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలంనుంచి వచ్చి వుండాలని విలియం జోన్స్ కలకత్తాలో చెప్పాడు. యూరపు భాషల గుట్టు సగం మన దేశంలోనే విడిందన్నమాట.

"గట్లయితే నాది తప్పే" అన్నాడు పెద్దాయన.

"మీరొక్కరే కాదు, యూరపులో చదువుకున్నవాళ్ళూ రోజూ ఇటువంటి పోలికలు చూచి మోసపోతారు" అన్నాను. ఇంగ్లీషువాడి పగలు "డే". స్పెయినువాడిది "దియా". రెండూ చిన్న మాటలు, రెండూ "ద" తరహా అక్షరంతో మొదలు, రెండింటికీ అర్థం రోజు. ఇంకేం కావాలి? కాని రెండింటికీ సంబంధం లేదు. ఇంగ్లీషు "డే"కు అసలు తోబుట్టువు జర్మను "తాగ్". ఇంగ్లీషు "డ" వున్నచోట జర్మనులో "త" రావడం రివాజు. స్పెయినువారి "దియా" లాటిన్ "దియెస్"నుంచి వచ్చింది. దాని చుట్టం ఎవరనుకున్నారు? మన "దివసము". పక్కింటి ఇంగ్లీషువాడు పరాయివాడై, సముద్రాల కివతలి సంస్కృతం దాయాది అయింది.

బొగ్గు మాటలోనే మరో తమాషా వున్నది. జర్మనీలో "కోలె" అంటే బొగ్గు, "కోల్" అంటే క్యాబేజి. హాలండులో అయితే బొగ్గుకూ క్యాబేజికీ కూడా "కోల్" అనే ఒక్క మాటే. ఈ క్యాబేజి "కోల్" లాటిన్‌లో కాడ అన్న అర్థం గల "కౌలిస్"నుంచి వచ్చింది. మన కాలీఫ్లవరులోని మొదటి సగం కూడా ఆ కాడదే. బొగ్గుకూ కూరకూ ఏ సంబంధమూ లేదు. ఇద్దరు వేరువేరు ఊళ్ళవాళ్ళు ఒకే పేరుతో ఒక వీధిలో చేరారు, అంతే.

పెద్దాయనకు ఉత్సాహం వచ్చింది. "అయితే మా మాటలు ఒక్కొక్కటి చెప్పుండ్రి" అన్నాడు. హోటలు బల్ల మీద చాయ్ గ్లాసులు పెట్టుకుని కూర్చున్నాం.

మొదట షిఫ్టు. ఇంగ్లీషులో దీని పాత అర్థం విభజించడం, పంచడం. దీని జర్మను జోడు "షిష్ట్" వంటి ఒక మాట. అందులో చివరి ముందు ధ్వని మన "హ"కూ "ష"కూ మధ్య పలుకుతుంది. ఇంగ్లీషు "ఫ్ట్" వున్నచోట ఉత్తర జర్మనీలోనూ, హాలండులోనూ "హ్ట్" వంటి ధ్వని రావడం ఒక వరుస. ఇంగ్లీషులో వెనుక అనడానికి "ఆఫ్టర్", డచ్చిలో "అహ్టర్". మీ షాఫ్టు కూడా అంతే. జర్మనులకు అది "షాహ్ట్". ఇది కాకతాళీయం కాదు, చుట్టరికమే. అయితే విశేషం ఏమిటంటే, జర్మను మాటకు రెండర్థాలు. ఒకటి గనిలో పనివేళ. రెండోది నేలలోని పొర. పొరలు పొరలుగా వున్న నేలను, వంతులు వంతులుగా దిగి తవ్వే మనిషికి రెండింటికీ ఒక్క మాట సరిపోయింది.

"పొర అంటే మేం సీమ్ అంటం" అన్నాడు పెద్దాయన.

సీమ్ అంటే ఇంగ్లీషులో అసలు అర్థం కుట్టు. రెండు గుడ్డలు కలిపి కుట్టినచోట పడే గీత. రెండు రాతిపొరల మధ్య నల్లగా సాగిన బొగ్గు గీత అలా కనిపించిందన్నమాట. సంస్కృతంలో కుట్టుపనిని "సీవనము" అంటారు. సీమ్, సీవనము నిజమైన అన్నదమ్ములు. మన రాయలసీమలోని "సీమ" ఇంకా దగ్గరగా వినిపిస్తుంది గాని అది హద్దు అన్న అర్థం గల వేరే మాట. మళ్ళీ అదే కథ: దగ్గరగా వినిపించినది దూరం, దూరంగా వినిపించినది దగ్గర.

సర్దార్ పారసీ మాట. "సర్" అంటే తల. అది మన "శిరస్సు"కు తోబుట్టువు. "దార్" అంటే ధరించినవాడు. అది సంస్కృతంలోని "ధర"కు తోబుట్టువు. మైనింగ్ సర్దార్ అని ఇంగ్లీషు, పారసీ కలిపి మీరంటున్నారు గాని, లోపలికి తవ్వితే ఆయన "శిరోధరుడే".

ఇక మస్టర్. బొగ్గుబాయి మనిషికి మస్టర్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఏడాదిలో ఇన్ని మస్టర్లు నిండాలి. మస్టర్ పడకపోతే కూలి లేదు. ఈ మాట లాటిన్‌లో చూపడం అన్న అర్థం గల "మోన్స్ట్రారె" నుంచి ఫ్రెంచిలోకి, అక్కడినుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. సిపాయిలను వరుసగా నిలబెట్టి లెక్కచూపించడం మస్టర్. ఇదే మాట ఇటలీ మీదుగా జర్మనీ చేరి "ముస్టర్" అయింది; అక్కడ దాని అర్థం నమూనా. హాలండులో "మోన్స్టర్" అంటే దుకాణంలో చూపించే మచ్చుసరుకు. అదే "మాన్స్టర్" ఇంగ్లీషులో రాక్షసి! ఆకాశంలోనో భూమి మీదో దేవతలు చూపించే వింత శకునాన్ని లాటిన్‌లో "మోన్స్ట్రుమ్" అనేవారు. అదే ముదిరి రాక్షసి అయింది. ఇవి ఒకే తల్లి బిడ్డలు. ఒకడు హాజరు పట్టీ, ఒకడు మచ్చుసరుకు, ఒకడు రాక్షసి.

పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "రాకాసి బొగ్గు అనేటోళ్ళు సారూ మా అమ్మ వాళ్ళు" అన్నాడు.

నిజమే. నేను మరచాను. మన పాత పుస్తకాల్లోనూ రాక్షసి బొగ్గనే వుంటుంది. బొగ్గు అంటే ముందు కట్టెబొగ్గే. నేలలోనుంచి వచ్చిన ఈ కొత్త బొగ్గుకు మనవాళ్ళు రాక్షసి అని బిరుదు తగిలించారు. ఇంగ్లీషులోనూ "కోల్" అంటే ముందు నిప్పుకణిక, కట్టెబొగ్గు. ఖనిజం వచ్చాక దానిని సముద్రపు బొగ్గన్నారు. జర్మనులు, డచ్చివారు రాతిబొగ్గన్నారు. మనం రాక్షసిబొగ్గన్నాం. తరువాత కట్టెబొగ్గు వాడకం తగ్గి, వచ్చిన కొత్తదే అసలు పేరును ఆక్రమించుకున్నది. మన దగ్గరా అంతే, వాళ్ళ దగ్గరా అంతే. ఎవరినీ చూచి ఎవరూ నేర్చుకోలేదు.

రాక్షసుల మాట కూడా మన ఒక్కరి సొత్తు కాదు. జర్మనీ గనుల్లో వెండిలా మెరిసి, కరిగిస్తే వెండి రాకుండా విషపు పొగ వదిలే ఒక ఖనిజం వుండేది. గనిలోని కొంటె దయ్యం "కోబోల్డ్" అసలు వెండిని దొంగిలించి దీనిని పెట్టిందని కూలీలు అనుకునేవారు. ఆ దయ్యం పేరే కోబాల్టు. రాగిలా కనిపించి రాగి ఇవ్వని మరో ఖనిజానికి "రాగి దయ్యం" అని పేరు పెట్టారు; అందులోని దయ్యం పేరు నికెల్. 1750ల నాటికి పండితులు ఆ పేర్లనే లోహాలకు ఖాయం చేశారు. ఇవాళ మన సెల్‌ఫోను బ్యాటరీలలో వున్న కోబాల్టు, గనికూలి భయంతో పెట్టిన పేరన్నమాట. ఆ పేరును ఏ పండితుడూ ఎర్రసిరాతో కొట్టివేయలేదు.

ఈ మాట నా నోట వస్తూండగానే నాకు రాత్రి సంగతి గుర్తుకు వచ్చింది. పిల్లవాడి పుస్తకంలోని ఎర్రగీత కళ్ళముందు మెదిలింది. ఇన్ని మాటలు చెప్పాను గాని, అసలు అడిగిన మాట మిగిలిపోయింది.

గనిని ఇంగ్లీషువాడు "పిట్" అంటాడు. బొగ్గుగని కూలీ ఇంటిమాట అది. "మైన్" కాస్త కాగితాల మాట. ఈ "పిట్" ఎక్కడిది? లాటిన్ "పుతెయుస్"నుంచి వచ్చింది. రోము సైనికులు, వర్తకులు ఉత్తరానికి పోయినప్పుడు అక్కడి జాతులు వారినుంచి ఈ మాటను ఎరువు తెచ్చుకున్నాయి. "పుతెయుస్" అంటే ఏమిటి?

బావి.

అవును, నీళ్ళు తోడుకునే బావే. ఇటలీలో ఇవాళ్టికీ "పోత్సో" అంటే బావి. స్పెయినులో "పోసో" బావి. హాలండులో "పుట్" బావి. జర్మనీలో మాత్రం ఆ మాట "ప్ఫుట్సె" అయి, పాపం, వానకు రోడ్డు మీద నిలిచే నీటిగుంటగా దిగజారింది. ఇక ఫ్రెంచిలో "ప్యుయి" అంటారు. దానికి రెండర్థాలు: ఒకటి నీళ్ళ బావి, రెండోది గనిలోకి దిగే దారి. ఆ రెండింటికీ ఫ్రెంచివాడికి ఒక్క మాటే.

నేను బల్ల మీద చెయ్యి వేసి పెద్దాయనతో అన్నాను: "మీరు ముప్పై ఏళ్ళు దిగింది బాయే. ఫ్రాన్సులోనూ అది బాయే. ఇంగ్లండు దొర పిట్ అన్నాడంటే ఆయన అన్నదీ బాయే. ఆ సంగతి ఆయనకు తెలియదు, అంతే."

పిట్‌కూ బాయికీ చుట్టరికం లేదు. "కోల్", "కాలు" లాగా వినడానికి పోలికైనా లేదు. మన బావి సంస్కృత "వాపి"నుంచి వచ్చింది. గుజరాతులో మెట్ల బావిని "వావ్" అంటారు; అదీ ఆ వాపే. దిగుడుబావి అన్నమాట. ఒకసారి ఇంక్లయిను మొగదలలో నిలబడి లోపలికి చూడండి. ఏటవాలుగా చీకట్లోకి దిగిపోయే దారి. మన పల్లెలోని దిగుడుబావి కాక మరేమిటది? ఊళ్ళో బావులు తవ్వినవాడు, బావి మీద మోట తోలినవాడు ఈ పనికి వచ్చి, భూమిలోకి దిగే దారి చూచి, తనకు తెలిసిన మాటతో పిలిచాడు. అటు రోము సామ్రాజ్యపు పొలిమేరల్లోని మనిషీ అదే చేశాడు. మాటలు కలవలేదు, రక్తం కలవలేదు, ఊహ కలిసింది. మాటల పోలికల్లో నాకు అన్నిటికంటె గొప్పగా తోచినది ఇదే.

బాయి అంటే గని అన్న మాట తెలియనివాడు వాడే వికారరూపమని నేను రాత్రి అనుకున్నాను. నిజానికి "గని" అంటే తవ్వినది. అందులో తవ్వడమే వున్నది. "బాయి"లో దిగడం వున్నది. దిగినవాడు పెట్టిన పేరది.

సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు పెద్దాయన దూరంగా మట్టిగుట్టలు చూపించాడు. ఓపెన్‌కాస్టులోనుంచి తీసి పోసిన మట్టి. ఇప్పుడు సింగరేణి బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్టులదే. భూగర్భపు బాయిలు ఒకటొకటిగా తగ్గుతున్నవి. "కొత్త పోరగాళ్ళు ఓసీకి పోయినం అంటరు, బాయికి అనరు. ఆడ దిగుడేడిది? లారీల మీద తిరుగుడే" అన్నాడాయన. ఆ మాటలో ఫిర్యాదు లేదు. భూగర్భంలో ఎందరి ప్రాణాలు పోయాయో ఆయనకు తెలుసు. కప్పు కింద నిలబడి పనిచెయ్యని కొడుకును చూచి ఏ తండ్రీ బాధపడడు. కాని పనితోబాటు మాటా పోతుంది. టింబరు వాడకం పోతే టింబరు మాటలు పోతాయి.

యూరపులో ఇది జరిగిపోయింది. హాలండు తన చివరి బొగ్గుగనిని 1974లోనే మూసింది. ఫ్రాన్సు 2004లో మూసింది. బ్రిటన్‌లో చివరి లోతుగని 2015 డిసెంబరులో, జర్మనీలో చివరి రాతిబొగ్గు గని 2018 డిసెంబరులో మూతబడ్డాయి. ఆ దేశాల వారికి తమ గనిమాటలు నిఘంటువుల్లో భద్రంగా వున్నవి. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వారు వృత్తిపదకోశాలు వేశారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, తరువాత చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. రైతు మాటకూ, సాలె మాటకూ దొరికిన ఆ గౌరవం బాయిమనిషి మాటకూ దక్కాలి. చెప్పగలిగినవాళ్ళు ఇంకా అరుగుల మీద కూర్చునే వున్నారు. అడిగేవాళ్ళే కావాలి.

ఇంటికి రాగానే కుర్రవాణ్ణి పిలిచాను. "నిన్న నేను చెప్పింది తప్పురా" అన్నాను. పెద్దవాళ్ళు తమ తప్పు ఒప్పుకోవడం ఎన్నడూ చూడలేదో ఏమో, వాడు కళ్ళు పెద్దవి చేశాడు. "గని కూడా మంచి మాటే. దిద్దినదాన్ని కొట్టివేయకు. పరీక్షలో అలాగే రాయి. కాని ఆ పక్కనే, నీ చేత్తో, బాయి అని మళ్ళీ రాసుకో. దాని కింద పిట్, ప్యుయి, పోత్సో అని రాసి, అన్నీ బావులే అని రాయి. ఎవరైనా అడిగితే మా తాత దిగిన మాట అని చెప్పు."

వాడు పెన్సిలు తెచ్చుకుని నేల మీద బోర్లా పడుకుని రాయడం మొదలుపెట్టాడు. "ప్యుయి" దగ్గర వాడికి నవ్వు ఆగలేదు.

పెద్దాయన మనమడి భుజం మీదుగా ఆ పేజీని చాలాసేపు చూచాడు. తరువాత నావైపు తిరిగి, "గా ఫ్రాన్సు దేశంల గూడ ఇంటాయన ఏడికి పోయిండని అడిగితే, బాయికి పోయిండనే చెప్పుతుండిరా సారూ?" అన్నాడు.

"అలాగే చెప్పివుంటారు" అన్నాను.

"మీ అసోంటోళ్ళొచ్చి, నీళ్ళకా అని అడిగి వుంటరు" అని నవ్వాడు.

లోపల మేనల్లుడు రాత్రి షిఫ్టుకు టిఫిను డబ్బా సర్దుకుంటున్నాడు. గుమ్మం దాటుతూ, "మామయ్యా, బాయికి పోయొస్తాను" అన్నాడు. ఈసారి నేను కుళాయిల సంగతి అడగలేదు.